తెరెసా తీయించిన సర్టిఫికెట్

ఖతార్ రాజధాని దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక టైపింగ్ సెంటర్ ఉంది. వీసా కాగితమైనా, పోలీసు సర్టిఫికెట్ దరఖాస్తైనా, గుడివాడ నుంచి వచ్చిన తెరెసా అరబీలో టకటకా కొట్టి ఇస్తుంది. ఆమె చేతుల మీదుగా ఎందరి పనులో అయ్యాయి, సొంత తమ్ముడి పని తప్ప.

తమ్ముడు పాల్ నిరుడు దోహాలో దిగాడు. బయలుదేరేటప్పుడు ఊళ్ళో ఎవరో "జయంత్‌కి ఇవ్వు బాబూ" అని ఆవకాయ డబ్బా చేతిలో పెట్టారు. జయంత్ అంటే తెరెసా, పాల్‌ల పెద్దమ్మ కొడుకు, అప్పుడు దోహాలోనే ఉండేవాడు. ఎయిర్‌పోర్టులో డబ్బా ఎవరిదని అడిగితే పాల్ "నాదే సార్" అన్నాడు. గల్ఫ్‌కి వచ్చే మనవాళ్ళందరూ అనే మాటే అది. వేరేవాళ్ళదంటే పచ్చడి పారేస్తారని భయం. ఆవకాయ అడుగున గంజాయి పొట్లం ఉంది. పాల్ జైలుకి వెళ్ళాడు, జయంత్ ఆ వారమే కెనడా వెళ్ళిపోయాడు.

డబ్బా తనకోసమే పంపారనీ, లోపల ఏముందో పాల్‌కి తెలియదనీ జయంత్ రాసిస్తే అప్పీలులో శిక్ష తగ్గవచ్చని లాయరు చెప్పాడు. తెరెసా ఎన్నిసార్లు చేసినా జయంత్ ఫోను ఎత్తలేదు. చివరికి ఒకరోజు తనే చేశాడు.

"ఇక్కడ మెడికల్ గంజాయి షాపు పెడుతున్నానమ్మా. డాక్టరు చీటీ ఉన్న రోగులకి అమ్మేది. లైసెన్సు కావాలంటే మత్తుమందుల కేసు ఉండకూడదంట. నేనున్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఖతార్‌ది నువ్వు తీయించి పెట్టు."

తెరెసాకి ఒళ్ళు మండింది. అయినా కోపం దిగమింగుకుని, "మరి పాల్ సంగతేంటి అన్నయ్యా?" అంది.

"అది చేతికి రానీ. ఆ రోజే రాసి పంపుతా. దేవుడి ఎదుట చెప్తున్నా."

నమ్మింది పిచ్చిది. నమ్మక ఏం చేస్తుంది? దరఖాస్తు తనే టైపు చేసింది, డ్యూటీకి సెలవు పెట్టి పోలీసు ఆఫీసు చుట్టూ తిరిగింది. జయంత్ మీద ఏ కేసూ లేదని ముద్ర వేసి ఇచ్చారు. ఎందుకుంటుంది, ఉన్న కేసంతా పాల్ నెత్తిన పడ్డాక? అతను రాసిచ్చేదాకా సర్టిఫికెట్ పంపకూడదని ఒక్క క్షణం అనిపించింది. పెద్దమ్మ కొడుకే కదా అనుకుని కొరియర్ చేసేసింది.

లైసెన్సు వచ్చాక జయంత్ మళ్ళీ ఫోను చేశాడు.

"అమ్మాయ్, రూల్సు మళ్ళీ చదివాను. గంజాయి కేసులో ఉన్నవాళ్ళతో సంబంధముందని తేలినా లైసెన్సు పోద్దంట. నేను రాయలేను. ఈ నంబరుకి ఇంక చేయకు. ఏమనుకోకు."

ఆ తర్వాత కోర్టు అప్పీలు కొట్టేసింది.

జైలులో అద్దానికి అటువైపు కూర్చుని పాల్ మొదట అడిగింది అదే. "అన్నయ్య రాశాడా అక్కా?"

పెద్దమ్మ కొడుకు ముంచాడని ఆ గోడల మధ్య వాడికెలా చెప్పాలో తెరెసాకి తెలియలేదు.

"రాశాడు రా. జడ్జిగారే ఒప్పుకోలేదు."

పాల్ ముఖం తేలికపడింది. "పాపం, తను చేయగలిగింది చేశాడు. నా తరఫున థాంక్స్ చెప్పక్కా," అన్నాడు.