యాభై నాలుగు కిలోల ఇసుక

"ఆ మలుపులో వెనక చక్రాలు జారితే? పాప కూర్చునేది వెనక సీట్లోనే కదా?"

ఈ మాట మా ఆయనతో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. "అందరూ వెళ్లే రోడ్డేగా, నీకు అనుమానం జబ్బు" అనేవాడు. రోడ్డు అందరిదే, కారు మాత్రం అందరిలాంటిది కాదు. పెళ్లికి ముందు ముచ్చటపడి కొనుక్కున్న బండి, నేలకు అంటుకుని పరిగెత్తే రకం. పాప పుట్టాక అది మలుపుల్లో ఇంకా గట్టిగా నిలబడాలని నాలుగు వ్యాసాలు చదివి, ఒకే మధ్యాహ్నం ఒక షాపులో అన్నీ చేయించేశాను. గట్టి స్ప్రింగులు వేయించాను, మలుపులో బండి ఒరగకుండా పట్టి ఉంచే యాంటీ రోల్ బార్ వెనక లావుది పెట్టించాను, షాక్ అబ్సార్బర్లు బిగించాను, టైర్లలో గాలి పెంచాను. ఫిజిక్స్ చదివినదాన్ని కదా, విడివిడిగా చూస్తే ప్రతిదీ సరిగ్గానే కనిపించింది. తీరా చూస్తే, పాపను దింపే క్రెష్ దారిలో, వంతెన దిగగానే వచ్చే కుడి మలుపులో, రోడ్డు అతుకు మీద బండి తోక జానెడు పక్కకు గెంతడం మొదలుపెట్టింది. ఇక ఆ రోజు నుంచి తొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లేదాన్ని.

టైర్ల కొట్టతను విని జాలిపడ్డాడు. "సుద్దముక్క బాబాయి దగ్గరికి వెళ్లండి. కూర్చోమని కూడా అనడు, మీరే కూర్చోండి" అన్నాడు.

గోదాముల వీధి చివర రేకుల షెడ్డు. నేల మాత్రం అద్దంలా చదునుగా ఉంది. వెనక గది తలుపు తీసి ఉంటే మడత మంచం, దాని మీద సగం విప్పిన గేర్‌బాక్సు కనిపించాయి. మనిషి ఎక్కడ పడుకుంటాడో అర్థం కాలేదు. అరవై దాటిన సన్నటి మనిషి. నా కథంతా విని, నాలుగు టైర్ల అంచుల మీదా సుద్దముక్కతో అడ్డగీతలు గీశాడు. మలుపులో టైరు ఎంతవరకు ఒరిగితే అంతవరకు గీత చెరిగిపోతుంది. ఆ పేరు అందుకే వచ్చిందట.

"వెనక ఖాళీ యార్డు ఉంది. మూడుసార్లు తిప్పుకు రా."

"మీరు నడపరా?"

"చెవిలో ఏదో తేడా. రెండు మలుపులకే కళ్లు తిరుగుతాయి."

తిప్పుకొచ్చాను. ఎలా ఉందని అడిగితే, మొహమాటానికి "బాగుంది" అన్నాను.

"ఇదిగో, అందరూ ఇదే మాట! బాగుంది అంటే నేనేం విప్పాలి, ఏం బిగించాలి? భయం ఎక్కడేసిందో చెప్పు. లోపలికి తిప్పేటప్పుడా, మధ్యలోనా, బయటికొచ్చేటప్పుడా?"

"మధ్యలో. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే."

ఆయన తల ఎత్తి మొదటిసారి నావైపు సరిగ్గా చూశాడు. మా అమ్మ, మా ఆయన, పాప డాక్టరు, అందరూ నన్ను భయపడొద్దన్నవాళ్లే. భయం ఎక్కడుందని అడిగిన మనిషి ఈయనొక్కడే.

"పాత స్ప్రింగులున్నాయా?"

"మంచం కింద ఉన్నాయి."

"మా ఇంట్లో మంచం మీద, మీ ఇంట్లో మంచం కిందా! పట్టుకు రా. ముందు ఈ హంగామా అంతా విప్పేసి మొదటికొద్దాం."

మరుసటి శనివారం బండిని మొదటి స్థితికి తెచ్చాడు, ఒక్క వెనక బార్ తప్ప. తర్వాత చక్రానికొకటి చొప్పున నాలుగు తూకం పళ్లేల మీద నిలబెట్టాడు. నడిపే మనిషి కూర్చుంటే బరువు ఏ చక్రం మీద ఎంత పడుతుందో చూడాలి. అందుకు ఆ మనిషి బరువుకు సరిపడా ఇసుక సంచులు సీట్లో పెడతారు. ఆయన నన్నేమీ అడక్కుండానే సంచులు తెచ్చి పేర్చి, వాటికి సీటు బెల్టు కూడా పెట్టాడు. సంచుల మీద సుద్దతో కిలోలు రాసి ఉన్నాయి. లెక్కల అలవాటు కొద్దీ వాటిని కూడి చూశాను, మొత్తం యాభై నాలుగు.

"బాబాయి గారూ, నేను డెబ్బై ఒకటి. యాభై నాలుగంటే నాకు సంతోషమే గానీ, బండిని మోసం చేసినట్టు."

ఆయన పానా కింద పెట్టాడు. సంచుల వంక చూశాడు.

"యాభై నాలుగు మా ఆవిడ" అన్నాడు. "రేసు బండ్లయినా, ఇంటి బండ్లయినా, నేను బిగిస్తే తనే తిప్పి చూసేది. పోయి ఆరేళ్లయింది. చెయ్యి అలవాటు పోలేదు."

"అంటే ఆరేళ్లుగా అందరి బండ్లకీ..."

"బాగుందనేగా అందరూ అన్నారు!"

బెల్టు తీయడానికి మాత్రం చాలాసేపు పట్టింది. నేను బయటికి వెళ్లి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

ఆయన దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. మొదటి గడిలో బండి, రెండో గడిలో ఏం మార్చాడో, మూడో గడిలో గుండ్రటి దస్తూరీతో వేరెవరివో మాటలు: "ముక్కు బద్ధకం." "తోకకి తొందరెక్కువ." "నువ్వు మళ్లీ నట్టు మర్చిపోయావ్." ఆరేళ్ల కిందట ఆ దస్తూరీ ఆగిపోయింది. అక్కణ్ణుంచి మూడో గడి అంతా ఖాళీ. ఆయన కలం నాకిచ్చాడు. "నీ చేత్తోనే రాయి."

ఆ రోజు వెనక బార్ ఒక్కటే, దాని చివర బోల్టును పక్క రంధ్రంలోకి మార్చి కాస్త వదులు చేశాడు. మూడుసార్లు తిప్పాను. "గెంతడం తగ్గింది, వణుకు ఉంది" అని రాశాను. షాక్ అబ్సార్బర్లు కూడా ఇప్పుడే చూసేయమని బతిమాలాను. వినలేదు. వాటి సంగతి వచ్చే శనివారం, గాలి సంగతి ఆ పై శనివారం. నాలుగో శనివారం వంతెన దగ్గరికి వెళ్లాం. పాప సీట్లో పదకొండు కిలోల సంచి కట్టాం, అది పాప బరువు. ఆయన ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు. నేను మలుపు తిరిగాను, అతుకు దాటాను, కాలు తీశాను. తోక కదల్లేదు. సుద్దగీత టైరు అంచు దగ్గర, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

"భయం ఎక్కడేసింది?"

"వేయలేదు."

"రాయి మరి."

రాశాను. ఆ ఒక్క మాటను ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదువుకున్నాడు.

వచ్చేటప్పుడు "మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" అన్నాను.

"పనేం లేకుండా దేనికి?" అన్నాడు. కానీ పదకొండు కిలోల సంచి తెచ్చి నా డిక్కీలో పెట్టాడు. "పిల్ల బరువు పెరుగుతుంది కదా. పెరిగినప్పుడల్లా వచ్చి ఇసుక పోయించుకుపో." ఇప్పుడది పదమూడు కిలోలు.

మొన్న పాప ఉన్నట్టుండి అన్నం మానేసింది. మామూలుగా అయితే గిన్నె, చెంచా, కుర్చీ, వంట, వేళ అన్నీ ఒకే పూటలో మార్చేసి, చివరికి ఏది పనిచేసిందో తెలియక ఏడుస్తూ కూర్చునేదాన్ని. ఈసారి చెంచా ఒక్కటే మార్చి, మూడు పూటలు ఓపిక పట్టాను. షాక్ అబ్సార్బర్ల కోసం నేను బతిమాలిన రోజు ఆయన చేతులు తుడుచుకుంటూ అన్న మాట ఇది:

"ఒకసారికి ఒకటే మార్చు తల్లీ. మూడుసార్లు తిప్పి చూడు. అప్పటిదాకా రెండోదాని మీద చెయ్యి వెయ్యకు."