ఎజ్రా గుమ్మడికాయ

పాలీహౌసు పూలతోట నష్టాల్లో మునిగి, అప్పులు తీర్చలేనని కోర్టులో ఐపీ పెట్టిన నాటినుంచి ఎజ్రా మొయినాబాద్ రోడ్డు మీద తల ఎత్తి నడవడు. ఇప్పుడు వేరేవాళ్ళ తోటలో కూలికి జెర్బెరా పూలు కోస్తాడు. చొక్కా మాత్రం ఇస్త్రీదే. కాలరు చిరిగితే తిప్పి కుట్టించుకున్నాడు. చర్చిలో చెప్పుల దగ్గర, గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఒకప్పుడు కోత పండుగనాటి కానుకల వేలంలో అందరికంటే పెద్ద పాట అతనిదే. ఈ ఏడు కిరాయి ఇంటి పెరట్లో కాసిన గుమ్మడికాయను కానుకగా తెచ్చాడు. సంఘపెద్ద సాముయేలు దాన్ని పైకెత్తి పాట అడిగాడు. అంతదాకా మునక్కాయలకు కూడా పోటీపడినవాళ్ళు ఈ కాయకు పాట మొదలుపెట్టలేదు. వాళ్ళలో సగంమంది అతనికి అప్పిచ్చినవాళ్ళే. సాముయేలు రెండోసారి అడిగాడు. ఎజ్రా చెయ్యి లేపాడు.

"యాభై."

"నీ కాయ నువ్వే పాడుకుంటవా, ఎజ్రా?"

"మొదలువెడుతున్న అన్నా. ఎవలన్న పెంచుతరు."

ఎవరూ పెంచలేదు. మూడోసారి పిలుపు కాగానే ఎజ్రా వెళ్ళి కాయ తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆరాధన ముగిసి అందరూ లేచాక, అతనికి చిట్టీ పైసలిచ్చి పోగొట్టుకున్న సారమ్మ వచ్చి ముందు నిలబడింది.

"నా పైసలు ఇప్పట్ల వచ్చేటియి కావు. అండ్ల సగం కోసియ్యి, కూరన్న వండుకుంట."

ఎజ్రా కత్తి కోసం పాస్టరుగారి ఇంటివైపు పరుగెత్తాడు.