పలకల కుప్ప దాటని కారు

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ నడిపే ఒకాయన దగ్గర నేను కొన్నేళ్లు కారు డ్రైవరుగా పనిచేశాను. ఆయన్ని మేమంతా అయ్య అనేవాళ్లం. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మాది అప్పటికి కర్నూలు జిల్లా. గని అనుమతుల కోసం ఆయన దోర్నాల అడవి దాటి కర్నూలు పోవాలి, బేరాలకు గుంటూరు పోవాలి, ఇవేవీ లేని రోజున గనుల మీదికి పోవాలి. కారు పాతది, నల్లది. నా చేతిలో అది ఒక్కసారి కూడా దారిలో ఆగిపోలేదు. ఈ మాట నేనే చెప్పుకోవాల్సి వస్తోంది, ఎందుకంటే అది ఎక్కి తిరిగినవాళ్లు ఎవరూ చెప్పలేదు.

ఆ ఇంట్లో నా కాఫీ గ్లాసు వేరు. వసారా గూట్లో ఉండేది. తాగి, కడిగి, నేనే మళ్లీ గూట్లో పెట్టాలి. అది నేను మరిచిపోలేదు. కానీ ఇప్పుడు రాసేది దాని గురించి కాదు, పెట్రోలు గురించి.

ఒకసారి గుంటూరు నుంచి తిరిగి వస్తూ అయ్య చాలా ఉత్సాహంగా ఉన్నాడు. అక్కడ బంకులో కొత్త రకం పెట్రోలు వచ్చిందని, దాన్ని రైల్లో పీపాల్లో తెప్పించుకోవచ్చని చెప్పాడు.

“ఇది మామూలుది గాదురా. ఆక్టేను ఎక్కువ. ధర ఎక్కువే, కానీ మైళ్లు ఇంకా ఎక్కువ ఇస్తాది. చివరికి మనకే మిగులు.”

“ఆక్టేను అంటే ఏందయ్యా?”

“బలం. ఉలవలు పెట్టిన ఎద్దూ, ఉత్త చొప్ప తిన్న ఎద్దూ ఒకటేనా? ఇదీ అంతే.”

నాకు అది సరిగ్గానే అనిపించింది. ఉలవలు తిన్న ఎద్దు ఎట్లా దున్నుతుందో మా ఇంట్లో చూసి పెరిగినవాణ్ణి. పీపా వచ్చింది. ఫ్యాక్టరీ వెనక కొట్టంలో పెట్టారు. తాళం అయ్య బావమరిది దగ్గర ఉండేది. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని చిన్నయ్య అనేవాళ్లు. అతనికి కారు తోలడం నేర్పింది నేనే. క్లచ్చి వదలడం తెలియక కోడిపుంజులాగా ఎగిరించేవాడు కారును. అతను పీపాలోంచి కొలిచి నా ముందే ట్యాంకులో పోసేవాడు.

వారాలు గడిచాయి. కారు ముందు ఎంత పోయేదో, ఇప్పుడూ అంతే పోతోంది. ఉలవలు తిని చొప్ప తిన్నట్టే నడుస్తోంది. అయ్య దిగేటప్పుడు మైళ్ల మీటరు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేవాడు. చిన్నయ్య ఒకరోజు నేను వింటుండగానే అన్నాడు: “ఉలవలు ఎద్దుకు అందడంల్యా బావా. నడుమ ఎవురో తింటాండారు.”

నేను కూడా ఎవరో తింటున్నారనే అనుకున్నాను. తాళం ఉన్నవాడి మీదే నా అనుమానం. అతని అనుమానం రబ్బరు గొట్టంతో ట్యాంకులోంచి తీయగలిగినవాడి మీద, అంటే నా మీద. తేడా ఏమిటంటే నా అనుమానం నా కడుపులోనే ఉంది. వాళ్లది శనివారం సాయంత్రం గేటు దగ్గరికి వచ్చింది.

శనివారం కూలి ఇచ్చే రోజు. పలకలు కోసేవాళ్లు, నునుపు పట్టే ఆడవాళ్లు, చట్రాలు బిగించేవాళ్లు అందరూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. అయ్య అక్కడికి నన్ను పిలిచాడు.

“రేపు చెన్నకేశవుని గుడికాడ కర్పూరం ఆర్పి ఒక్క మాట చెప్పు, పెట్రోలు ముట్టుకోలేదని. నాకు అంతే చాలు.”

అందరూ నా వైపు తిరిగారు. మా ప్రాంతంలో కర్పూరం ఆర్పమన్నారంటే, దొంగవని నోటితో అనకుండానే అనేసినట్టే.

“మేము సంఘం వాళ్లం అయ్యా. అట్లాంటివి చేయం.”

“సరే, మీ గుళ్లోనే బైబిలు మీద చెయ్యి పెట్టు. ఏ దేవుడైతే నాకేంది?”

“ఒట్టు పెట్టుకోవద్దని మా వాక్యంలో ఉంది. అదొక్కటే కాదు. నేను తీసింటే గదా, తీయలేదని ఒట్టేసేది?”

“తీయనోడికి ఒట్టేసేదానికి భయమెందుకు?” అన్నాడు చిన్నయ్య.

నునుపు పట్టే ఆడవాళ్లలో పెద్దామె ఒకామె ఉండేది. నేను ఆమెను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆమె కూడా గొంతు తగ్గించి, “ఒక్క మాటతో పోయేదానికి ఎందుకురా అల్లుడా?” అంది. ఆమె కూడా నమ్మలేదని నాకు అర్థమైంది. అప్పుడు కోపంలో నా నోటినుంచి వచ్చింది:

“నన్ను కాదయ్యా, కారును అడుగుదాం. ట్యాంకు ఎండగొట్టండి. మామూలు పెట్రోలు ఒక గ్యాలను పోసి, ఆగిపోయేదాకా తోలండి. ఇంకో రోజు అదే తావు నుంచి, అదే దారిన, మీ కొత్త పెట్రోలు ఒక గ్యాలను. నేను స్టీరింగు ముట్టుకోను. చిన్నయ్యనే తోలమనండి. కొత్తది ఎక్కువ పోతే నేను దొంగనే.”

అయ్య చిన్నయ్య వైపు చూశాడు. చిన్నయ్య నవ్వాడు. “ఎక్కువ పోతే పోలీసు స్టేషనుకు కూడా మనమే తోలుకపోదాం బావా, అదే కారులో,” అన్నాడు. కొందరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు.

ఇంటికి వచ్చేదాకా నాకు భయం వేయలేదు. ఇంట్లో కూర్చున్నాక వేసింది. కొత్త పెట్రోలు బలమైందని నేనూ నమ్ముతున్నాను కదా. బలమైందైతే ఎక్కువ పోతుంది. ఎక్కువ పోతే తీసింది చిన్నయ్యే అని నేను ఎట్లా చూపించగలను? దొంగనని నా నోటితోనే ఒప్పుకుని వచ్చాను. కారు పని పోవడం ఒక్కటే కాదు, మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఎవరి బండి తాళమూ నా చేతికి రాదు.

నాయన సంఘంలో పెద్ద. విషయమంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

“నువ్వు ఒట్టు వద్దనింది వాక్యం కోసమా, పౌరుషం కోసమా?”

“రెండూ.”

“వాక్యం నిలబడ్తాది. పౌరుషానికి అన్నం ఎవురు పెడ్తారు?”

నేను లేచి పోయి పడుకున్నాను.

సోమవారం మామూలు పెట్రోలుతో బయలుదేరాం. ఫ్యాక్టరీ గేటు నుంచి తర్లుపాడు మీదుగా కంభం దారి. చిన్నయ్య తోలాడు, అయ్య పక్కన, నేను వెనక. కంభం ఇంకా కొంత దూరం ఉండగా ఇంజను దగ్గి, రెండు మూడుసార్లు ఊగి, ఆగిపోయింది. చిన్నయ్య దిగి, బేరగాళ్లకు చూపించడానికి డిక్కీలో పెట్టుకునే పలక ముక్కలు తీసి, ముందు చక్రం పక్కన రోడ్డు వార కుప్పగా పెట్టాడు. “రేపు ఇది దాటి ఎంత దూరం పోతామో చూద్దాం,” అని నాకు వినపడేటట్టు అన్నాడు.

మంగళవారం కొత్త పెట్రోలు. గ్యాలను కొలిచేటప్పుడు నేను పక్కనే నిలబడి నురగ తగ్గేదాకా చూశాను. పొద్దు అదే, బరువు అదే, మనుషులు వాళ్లే. తర్లుపాడు దాటాక గొర్రెల మంద రోడ్డుకు అడ్డం పడింది. చిన్నయ్య హారను మోగిస్తూ తల బయటపెట్టి అరిచాడు.

“తప్పియ్యిరా, పెట్రోలు కాలిపోతాంది!”

గొర్రెలాయన కర్ర భుజాన వేసుకుని తాపీగా చూశాడు. “నా గొర్రెలేమన్నా తాగినాయా నీ పెట్రోలు?”

ఇంకెప్పుడైనా అయితే నేను నవ్వేవాణ్ణి. ఇంజను ఆడుతుండగానే కారు నిలబడింది. ఆ నిలబడినంతసేపూ పెట్రోలు పోతోంది. అది నాకు మేలు. మేలని అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. గొర్రెల సాయంతో గెలవాలని నేను ఈ పందెం పెట్టలేదు.

ఆ తర్వాత ఒక వాగు దిగుడు ఉంది. దిగుడు మొదట్లో చిన్నయ్య గేరు తప్పించి, తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. కారు చప్పుడు లేకుండా జారుతోంది. గాలి మాత్రమే వినిపిస్తోంది.

“తాళం తిప్పు,” అన్నాను.

అతను వినలేదు. నేను ముందు సీటు మీదుగా వంగాను.

“తాళం తిప్పమంటిని! నిన్న ఈడ ఆపినావా ఇంజను?”

“గొర్రెల కాడ పోయిందాన్ని ఈడ కూడేసుకుంటాండా. దిగుడులో ఇంజను ఆపేది నేర్పిందెవురు? నువ్వే గదా.”

అది నిజం. అయ్యకు పెట్రోలు మిగలాలని నేనే నేర్పాను. బ్రేకులు బాగా పట్టే రోజుల్లో మాత్రమే అని కూడా చెప్పాను. ఆ సగం అతనికి గుర్తులేదు. అతని చెయ్యి పట్టుకుందామని చెయ్యి చాచాను. కారు వాగు వైపు జోరందుకుంది. అయ్య నా చెయ్యి వెనక్కి నెట్టి, అతని మీద అరిచాడు.

“తిప్పరా తాళం! సచ్చేటట్టుండాం!”

ఇంజను మళ్లీ అంటుకునేసరికి వాగు అడుగుకు వచ్చేశాం. ఆ దిగుడంతా లెక్కలోంచి తీసేయాలన్నాను. అయ్య వినిపించుకోలేదు. “పోనీ,” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

అక్కడినుంచి నేను కుప్ప కోసం చూస్తూ కూర్చున్నాను. మలుపు తిరగగానే దూరంగా రోడ్డు వార నల్లగా కనిపించింది. ఇంజను ఇంకా బాగానే పోతోంది. చిన్నయ్య వీపు నిటారుగా అయింది. కుప్ప దగ్గరవుతోంది. పలకల అంచులు ఎండకు మెరవడం కూడా కనిపిస్తోంది. దాటిపోతుందని నేను అనుకున్నాను. నాయనకు ఏం చెప్పాలో కూడా అనుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడు కారు దగ్గింది. చిన్నయ్య యాక్సిలరేటరును కాలితో దంచాడు. ఇంకోసారి దగ్గి, ఈడ్చుకుంటూ పోయి, ఆగింది. కుప్ప ఇంకా ముందే ఉంది, గడ్డివాము పొడవంత దూరంలో.

చిన్నయ్య దిగి కారును అటూ ఇటూ ఊపాడు, ట్యాంకులో మూల దాక్కున్న చుక్కను బయటికి తోలేవాడిలాగా. మళ్లీ ఎక్కి తాళం తిప్పాడు. లేదు. గొర్రెల దగ్గర కొంత పోయింది, దిగుడులో కొంత కలిసొచ్చింది. రెండూ పోగా కొత్త పెట్రోలు పాతదానికన్నా ఒక్క మైలు ఎక్కువ పోలేదు.

ఎందుకు పోలేదో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. తర్వాత నేను లారీ తోలే రోజుల్లో గుంటూరులో ఆ బంకు యజమానినే అడిగాను. ఆక్టేను బలం కాదన్నాడు. కొన్ని ఇంజన్లు పెట్రోలును గట్టిగా నొక్కుతాయి, అట్లా నొక్కినప్పుడు మామూలు పెట్రోలు వేళకు ముందే అంటుకుని ఇంజను టకటక కొట్టుకుంటుంది, అట్లాంటివాటికి ఈ పెట్రోలు పోస్తే కుదురుగా నడిచి మైళ్లు కూడా నిలబడతాయి అన్నాడు. “మీ పాత కారు కొండెక్కేటప్పుడు కొట్టుకునేదా?” అని అడిగాడు. ఎప్పుడూ లేదన్నాను. “అట్లయితే దానికి రెండూ ఒకటే,” అన్నాడు. ఈ మాట అమ్మేటప్పుడే చెప్పి ఉండొచ్చు కదా అంటే, మీవాళ్లు అడగలేదు అన్నాడు.

ఆ రోజు రోడ్డు మీద అయ్య చాలాసేపు కారు చుట్టూ తిరిగాడు. తర్వాత డిక్కీలోంచి డబ్బా తీయించి పెట్రోలు పోయించాడు.

“రేపట్నుంచి మామూలుదే పోయించు,” అన్నాడు నాతో.

“నన్నన్న మాట సంగతేంది అయ్యా?”

“ఏమన్నా? ప్రమాణం చేయమన్నా. దొంగంటినా?”

“గేటు కాడ అడిగినారు. ఆ గేటు కాడనే చెప్పండి, వీడు తీయలేదని. అంతే.”

“కూలోళ్ల ముందర నేను నీకు సంజాయిషీ చెప్పాల్నా?” ఆయన నవ్వడానికి చూశాడు. “ఎక్కు. ఎండ ముదురుతాంది.”

ఆయన ముఖాన విసిరేయడానికి నా చేతిలో తాళం కూడా లేదు. కంభం వైపు నడవడం మొదలుపెట్టాను. వెనక కారు తిరిగిన చప్పుడు వినిపించింది. నా వైపు వస్తుందేమో అనుకున్నాను. అది మార్కాపురం వైపు పోయింది.

శనివారం సాయంత్రం నేనే గేటు దగ్గరికి వెళ్లాను. అందరూ కూలి కోసం నిలబడి ఉన్నారు. జరిగిందంతా మొదటినుంచి, గొర్రెలూ దిగుడూ కూడా వదలకుండా, గట్టిగా చెప్పాను. లోపల గదిలో అయ్య ఉన్నాడు, కిటికీ తెరిచే ఉంది.

అత్త అడిగింది: “అంటే నువ్వూ తీయలే, చిన్నయ్యా తీయలే?”

“ఎవురూ తీయలేదత్తా.”

“మరి ఆ ఎక్కువ మైళ్లు యాడికి పోయినయ్యిరా?”

“యాడికీ పోలే. అవి మొదట్నుంచీ లేవు.”

“లేని మైళ్లకా నిన్ను ఒట్టేయమనింది!” అని ఆమె నవ్వింది. ఆమె నవ్వితే అందరూ నవ్వారు. అప్పుడు అయ్య గుమ్మంలోకి వచ్చాడు.

“చెప్పేదేందో చెప్పయ్యా, మాకు పొద్దుపోతాంది,” అంది అత్త.

ఆయన నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ రోజు కూలి చాలా ఆలస్యంగా ఇచ్చారు. దానికి కొందరు నన్నే తిట్టారు. అందరికీ ముట్టేదాకా నేను కదలకుండా నిలబడ్డాను. అయ్య మళ్లీ బయటికి రాలేదు.

ఇంటికి పోయేసరికి నాయన భోజనం చేయకుండా కూర్చుని ఉన్నాడు.

“చెప్పినాడా?”

“లేదు. నేను చెప్పినా. అందరూ విన్నారు, నమ్మినారు.”

“అట్లయితే ఇంకేంది? నీ పేరు నీకొచ్చె గదా.”

“ఆయన చెప్పలేదు గదా నాయనా,” అన్నాను.

తర్వాత గిద్దలూరులో లారీ పని దొరికింది. అయ్య రెండుసార్లు మనిషిని పంపాడు, వచ్చి కారు తోలమని. గేటు దగ్గర ఆ ఒక్క మాట అంటే వస్తానన్నాను. ఆయన అనలేదు, నేను పోలేదు.