కృపానందం కంప్యూటరు, మొగిలి సూదులు

కృపానందంది గుంటూరు వైపు. మాదాపూర్ పక్కన ఒక చిన్న సర్కారు దవాఖానలో ఇరవై నాలుగేళ్లు ఓపీ చీటీలు రాసిన మనిషి. యాభై దాటాక, ఇంట్లోవాళ్లు నవ్వుతున్నా లెక్కచేయకుండా, సాయంత్రాలు అమీర్‌పేట వెళ్లి కంప్యూటర్ నేర్చుకున్నాడు. చుట్టూ అద్దాల మేడలు లేస్తుంటే మనం మాత్రం రూళ్లకర్రతో గీతలు గీస్తూ కూర్చోవాలా అని ఆయన పట్టుదల. తొంభై తొమ్మిది జనవరిలో ఎవరో పుణ్యాత్ములు దవాఖానకి ఒక కంప్యూటర్ ఇవ్వగానే, చేతిరాత రిజిస్టరు ఆపేయించింది కూడా ఆయనే. ఎవరూ అడగలేదు. "ఒకే పని రెండుసార్లు ఎందుకండీ?" అన్నాడు.

ఇక చూడాలి దాని వైభోగం! గుమ్మం దగ్గరే అందరూ చెప్పులు విడవాలి. పేషెంట్లకి చెమటలు కారిపోతున్నా ఫ్యాను దాని వైపే తిరగాలి. చీటీ దాంట్లోంచే రావాలి, చీటీ లేనిదే నర్సు స్టెల్లా సూది వేయకూడదు. సూది వేశాక ఆ చీటీ చెత్తబుట్టలోకే, లెక్కంతా పెట్టెలో భద్రంగా ఉంది కదా మరి. స్టెల్లా సంగారెడ్డి పిల్ల, నోరు ఊరుకోదు. "హారతి ఒక్కటే తక్కువున్నది సార్ మీ పెట్టెకు" అనేది. ఆయన ముసిముసిగా నవ్వేవాడు. ఆ మాత్రం మురిపెం ఉండకూడదా, ఆ వయసులో అంత కష్టపడి నేర్చుకున్నవాడికి?

ఏప్రిల్‌లో మొగిలి వచ్చాడు. వరంగల్ దిక్కు నుంచి వచ్చి, కొత్త బిల్డింగు దగ్గర రాళ్లు మోసే కూలీ. పిచ్చికుక్క పిక్క పట్టేసింది. అప్పట్లో సర్కారు దవాఖానలో దానికి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. మధ్యలో ఆపితే ప్రాణం మీదికొస్తుంది. పొట్ట వాచి నడుం వంగకపోయినా మొగిలి రోజూ పొద్దున్నే వచ్చి, పళ్లు బిగబట్టి సూది వేయించుకుని, పనికి ఉరికేవాడు.

ఇరవై ఆరు, సోమవారం. కృపానందం స్విచ్ వేశాడు. తెర నల్లగా ఉండిపోయింది. మళ్లీ వేశాడు. దణ్ణం పెట్టి మరీ వేశాడు. మెకానిక్ వచ్చి చూసి పెదవి విరిచాడు. "ఈ తేదీకే లేచే వైరస్ సార్. ఊళ్లో చాలా పెట్టెలు పోయినయ్. లోపలున్నదంతా సాఫ్. బయటి ఫ్లాపీ ఏమన్న పెట్టిన్రా?"

పెట్టాడు. పూల మధ్య బైబిలు వాక్యాలు కదిలే బొమ్మల ఫ్లాపీ, ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరో ఇస్తే ముచ్చటపడి తెచ్చుకున్నాడు. ఊరందరి చెప్పులూ బయట విడిపించి, జబ్బును మాత్రం తన చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు పాపం.

"కంప్యూటర్ పనిచేయట్లేదండీ, రేపు రండి," అని గుమ్మంలో ఉన్నవాళ్లందరికీ చెప్పాడు.

మొగిలి కదల్లేదు. "సూది మందైతే ఉన్నది కద సారూ?"

"ఉందండీ. ఎన్నో సూదో తెలియాలి కదా, చీటీ రావాలి కదా."

మంగళవారం మళ్లీ వచ్చాడు. కృపానందం మెకానిక్ పక్కన మరలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల కూడా ఎత్తకుండా "రేపు" అన్నాడు.

బుధవారం సెలవు నుంచి వచ్చిన డాక్టరమ్మ విషయం విని అగ్గి మీద గుగ్గిలమైంది. కుక్క కరిచినవాళ్లు ఐదుగురు సగంలో ఉన్నారు. నలుగురు వచ్చారు, మొగిలి రాలేదు. "ఎన్ని పడ్డాయో కచ్చితంగా తెలిస్తే అక్కణ్ణుంచి సాగిద్దాం, తెలియకపోతే మళ్లీ ఒకటి నుంచి. ముందు మనిషిని వెతకండి," అంది.

మొగిలికి ఎన్ని పడ్డాయి? కృపానందం బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్లు చేత్తో రాసినవి ఏవి అడిగినా చెప్పేవాడు. మీటలు నొక్కినవి ఒక్కటీ గుర్తులేవు. ఆ మనిషికి ఏమైనా అయితే అది తన చేతులతో చేసినట్టే కదా, ప్రభువా!

గురువారం పొద్దున్నే, ఐసు వేసిన ఫ్లాస్కులో మందు పెట్టుకుని స్టెల్లాతో బయల్దేరాడు. బిల్డింగు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, ఆ కూలీలంతా నిన్ననే కోకాపేటకు గోడ పనికి పోయారని. గచ్చిబౌలి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఇసుక లారీ, ఆపైన రాళ్ల మధ్య నడక. స్టెల్లా ఆ రోజు ఒక్క హాస్యమూ ఆడలేదు.

మొగిలి నెత్తిన తట్టతో కనిపించాడు. బతికే ఉన్నాడు, నడుస్తున్నాడు.

"రెండు దినాలు తిరిగిన, రెండు దినాల కూలి పాయె. ఇగ మీకు ఇయ్య మనసు లేదేమో అనుకున్న," అన్నాడు మొగిలి, కోపం లేకుండానే.

"ఎన్ని సూదులు పడ్డాయో గుర్తుందా అండీ?"

"ఏడో ఎనిమిదో. మీ పెట్టెల ఉంటది కద అని నేను లెక్కపెట్టలే."

కృపానందం ఎండలోనే నిలబడి చెప్పేశాడు. "పెట్టె పాడైందండీ. రాసిందంతా పోయింది. రిజిస్టరు ఆపింది నేనే, మిమ్మల్ని తిప్పి పంపిందీ నేనే. తప్పు నాది."

మొగిలి ఆయన్ని వింతగా చూశాడు. "పెట్టె పోతే పాయె. నేను నీ ఎదురుంగనే నిలబడ్డ కద సారూ!"

మొగిలి తట్ట దించి, చొక్కా పైకెత్తాడు. వాచిన పొట్ట మీద, బొడ్డు చుట్టూ సూది గాట్లు. స్టెల్లా మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టింది. కృపానందం కళ్లజోడు తుడుచుకుని, వంగి, ఒక్కొక్కటీ చూసుకుంటూ మళ్లీ లెక్కపెట్టాడు. ఇద్దరికీ ఎనిమిదే వచ్చింది.

"ఇది తొమ్మిదోదండీ," అని ఫ్లాస్కు మూత తీశాడు. "రేపు మీరు రావద్దు. పదోదానికి మేమే వస్తాం."