వెడల్పవుతూ వచ్చిన రిబ్బన్లు

మొన్న మనవరాలి పుట్టినరోజుకి బెంజ్ సర్కిల్ దగ్గర కొట్టునుంచి కేకు తెచ్చారు. పెట్టె తెరిస్తే నున్నటి తెల్లటి ఐసింగు, దాని నడుం చుట్టూ గులాబీరంగు రిబ్బను. అదీ పంచదారతో చేసిందేనట, తినేయొచ్చట. పిల్లలు చప్పట్లు కొడుతుంటే నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఈ వయసులో సంబరం కూడా అలసటగానే ఉంటుంది.

డెబ్బైల్లో, నాన్న పోయాక, నేను విజయవాడలో మా మేనత్త దగ్గర ఉండేదాన్ని. భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు; మా చర్చి సంఘంలో పెళ్లిళ్లకీ క్రిస్మస్‌కీ కేకులు చేసి ఇల్లు నడిపేది. పిండి కలిపి వీధి చివరి బేకరీలో కాల్పించుకొచ్చి, పంచదార మెత్తగా దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, గుడ్డు తెల్లసొనతో గిలక్కొట్టి, ఐసింగు ఇంట్లోనే పూసేవాళ్లం. పూలూ తీగలూ వేయడం అత్తయ్య వంతు, రిబ్బను చుట్టడం నా వంతు. తడి ఆరకముందే చుడితే రిబ్బను రంగు దిగి తెల్లదనం పాడవుతుంది కనుక, ఆరేదాకా కనిపెట్టుకుని ఉండి, లోపల నూనెకాగితం పట్టీ వేసి, వెనకవైపు ఐసింగు బొట్టుతో అతికించేదాన్ని. డిసెంబరు వచ్చిందంటే నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయేవి; తినే అన్నంలో కూడా వెనిల్లా వాసనే.

తర్వాత తర్వాత అత్తయ్య కుడిచెయ్యి వణకడం మొదలైంది. గీత వంకరపోయేది, పువ్వు చితికేది. వంకర కనిపించిన చోట కాస్త వెడల్పు రిబ్బను చుట్టి, పువ్వు చితికిన చోట ఒక ముడి కూర్చోబెట్టేదాన్ని. ఏడాదికేడాది ఆ రిబ్బన్లు వెడల్పవుతూ వచ్చాయి. చల్లపల్లి నుంచి వచ్చిన ఒక పెళ్లికూతురి తల్లి, “ఏంటండీ, కేకు కంటే రిబ్బనే ఎక్కువుందే!” అని నవ్వింది. అత్తయ్యా నవ్వింది. వాళ్లు వెళ్లాక మాత్రం చాలాసేపు వంటింట్లోంచి బయటికి రాలేదు.

నా పెళ్లి కుదిరినప్పుడు, కేకు బేకరీవాళ్లకే ఇచ్చేద్దామన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. కుడి మణికట్టుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, ఆగి ఆగి, ఒక్కతే వేసింది. తీగ ఎగుడుదిగుడుగా వచ్చింది. పెళ్లిరోజు పొద్దున్నే వెడల్పాటి తెల్ల శాటిన్ రిబ్బను నా చేతిలో పెట్టి, “చుట్టెయ్యవే, నలుగురూ చూస్తారు” అంది.

“చూడనీ అత్తా. నువ్వు వేశావుగా” అన్నాను.

ఆ రిబ్బను తీసుకుని నా జడకి కట్టింది. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. నేను కదలకుండా కూర్చున్నాను.

ఆవిడ చేసిన ఆఖరి కేకు అదే. ఇప్పటి కేకుల్లో వంకరన్నదే ఉండదు. మంచిదే, ఎవరి కాళ్లూ వాయనక్కర్లేదు. కానీ ఇది ఎవరు చేశారమ్మా అని అడిగితే, కొట్టు పేరు చెబుతారు.