కోటలో ఆయన పక్షం

అల్లవరం దగ్గర మా ఊళ్లో మొదట రొయ్యల చెరువు తవ్వింది మా నాన్నే. తొలి పట్టుబడికి రొయ్య బాగా దిగడంతో అమలాపురం నుంచి కలర్ టీవీ వచ్చింది, దాని వెనకే వీడియో గేమూ వచ్చింది. తొంభైల చివరి మాట ఇది. ఆ గేముకి రెండు రిమోట్లు. ఒకటి నాది, రెండోది చేనుకి అవతలింట్లో ఉండే బావది. చుట్టరికం ఏమీ లేకపోయినా వాళ్లమ్మని అత్తయ్యగారనేవాణ్ణి కాబట్టి వాడు బావ. బడి వదలగానే వాడు సంచీ కూడా ఇంట్లో పెట్టకుండా మా సావిట్లోకి వచ్చి పడేవాడు.

మేము ఎక్కువగా ఆడే ఆటలో నీళ్ల మధ్య ఒక కోట ఉండేది. బావకి ఎప్పుడూ హీరోయే కావాలి. నాకు కోటలో ఉండే విలన్ కావాలి. అందరూ నన్ను వింతగా చూసేవారు కానీ నా వాదన నాకుండేది. హీరోకి ఇల్లూ వాకిలీ ఉండవు. కత్తి పట్టుకుని ఎవరింట్లోకో జొరబడి, కుండలు పగలగొట్టి, కాపలావాళ్లని నరికి, ఆఖరికి పడకగదిదాకా వచ్చేస్తాడు. పైగా వాడే మంచివాడు! కోటలో పెద్దాయన ఏం చేశాడని? ఆయనింట్లో ఆయన కూర్చున్నాడు. మా వైపు గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లిస్తారు. వచ్చినవాడు కూడా వీధిలో నిలబడి ఓ కేకేసి రావాలి కదా. ఆ హీరోని చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

సాయంత్రం నాన్న చెరువు మీంచి వచ్చి, కాళ్లు కడుక్కుని మా వెనక నిలబడేవాడు. ఒంటినిండా రొయ్యల మేత వాసన.

“ఇందులో నువ్వెవరివిరా?”

“కోటలో ఆయన్ని నాన్నా.”

“ఆయ్, మన పార్టీయే,” అని నవ్వి లోపలికి వెళ్లేవాడు. నాకు భలే గర్వంగా ఉండేది.

రెండో పట్టుబడి అయ్యాక బావ రావడం మానేశాడు. జ్వరమేమో అనుకున్నాను. నాలుగు రోజులు చూసి, ఉండబట్టలేక నేనే వాళ్ల చేనిగట్టు మీదుగా వాళ్లింటికి బయల్దేరాను. ఊడ్పులై నెల దాటింది, ఈపాటికి చేను పచ్చగా ఉండాలి. ఆకుల కొసలన్నీ ఎర్రగా మాడి ఉన్నాయి. చేలకి నీళ్లొచ్చే పంటబోదె అంచున తెల్లగా ఏదో పేరుకుని ఉంది. తెగులు పట్టిందేమో అనుకుంటూ నడిచాను.

అత్తయ్యగారు అరుగు మీద ఉన్నారు. ఎప్పటిలాగే కూర్చోమన్నారు, ఎప్పటిలాగే లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చారు. ఎండన పడి వచ్చానేమో, గటగటా తాగబోయాను. రెండో గుక్కలో ఆగిపోయాను. ఉప్పు. మింగలేను, ఆవిడ ఎదురుగా ఉమ్మలేను.

“మా నూతినీళ్లు ఇప్పుడిలాగే ఉంటన్నాయి నాన్నా,” అన్నారావిడ. “పట్టుబడికి మీ నాన్నగారు చెరువులో ఉప్పునీళ్లన్నీ బోదెలోకి వదిలేసేరు. వద్దండీ అని మీ మావయ్యగారు ఎంత చెప్పినా వినలేదు.”

గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు, నా వైపు చూడటం లేదు. ఆ గుక్క ఎలా మింగానో నాకు తెలీదు. తిరిగి వస్తుంటే మళ్లీ ఆ మాడిన ఆకులే కనిపించాయి. మా నాన్న ఏమిటి, ఒకరి చేను మాడ్చడమేమిటి?

అన్నం దగ్గర అడిగేశాను. నాన్న కోప్పడలేదు. నా కంచంలో ఇంకో గరిటె కూర వేస్తూ, “మన చెరువు, మన గట్టు. మనింట్లో మనం ఉన్నాం. ఎవరి జోలికైనా వెళ్లేమా చెప్పు,” అన్నాడు.

కోటలో పెద్దాయన తరఫున బావతో రోజూ నేను వాదించే మాటలే అవి. ఇప్పుడు నాన్న నోట విన్నాను. ఆయన అబద్ధమాడటం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

మర్నాడు సాయంత్రం నేనొక్కణ్ణే టీవీ ముందు కూర్చుని ఉన్నాను. బావ లేడని జాలిపడ్డాడో ఏమో, నాన్న వచ్చి వాడి చోట చాప మీద చతికిలపడ్డాడు. కోటలో ఆయనదీ, హీరోదీ, రెండు రిమోట్లూ నా ముందే ఉన్నాయి.

“నాకూ ఒకటియ్యరా,” అని చెయ్యి చాపాడు. మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. “ఇంతకీ ఇందులో నేనెవర్ని?”

నా నోట్లో ఇంకా ఆ ఉప్పే ఉంది. ఏ రిమోట్ ఇవ్వాలో తెలియక రెండింటినీ చూస్తూ కూర్చుండిపోయాను. నాన్న చెయ్యి చాపే ఉంచాడు.