ఆవు సంగతి, అక్క సంగతి

తొంభైల చివర్లో మా అక్క ఆపరేషన్ కోసం గుంటూరు నుంచి మదనపల్లె వెళ్లాను. ముందురోజు సాయంత్రం అక్కడి చర్చిలో మోకరించి జపమాల చెప్పుకుంటున్నాను. కుంకుమబొట్టు పెట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చి, ఆకులో చుట్టి తెచ్చిన కనకాంబరాలు మరియమాత పాదాల దగ్గర పెట్టింది. పొరుగింటామెతో మాట్లాడినట్టు పైకే మాట్లాడసాగింది.

“మా ఆవుకు నెలలు నిండినాయమ్మా. పోయినతూరి దూడ దక్కలేదు. నువ్వూ బిడ్డను కన్నదానివే గదా! నీ కొడుక్కు గెట్టిగా చెప్పు.”

వెళ్తూ నన్ను పలకరించింది. “యాడ నుంచి వచ్చినావమ్మా?”

“గుంటూరు నుంచి. మా అక్కకు రేపు ఆపరేషన్.”

“అయ్యో! సామికి చెప్పినావా?”

“జపమాల చెప్పానమ్మా.”

“అది సరే. అక్క సంగతి చెప్పినావా?”

చిన్నప్పుడు నేర్చుకున్న జపాలు ఒక్కటీ తప్పలేదు, వాటిలో అక్క మాత్రం లేదు.

“చెప్పు తల్లీ, వింటాడు,” అని నా భుజం తట్టి, చౌడేపల్లె బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయింది.

జపమాల చేతిలోనే ఉంది. సిలువ వైపు చూశాను.

“ప్రభూ, రేపు అక్కకు ఆపరేషన్. నాకు చాలా భయంగా ఉంది.”

ఇక మాటలు ఆగలేదు. చివర్లో ఆవు సంగతి కూడా చెప్పాను.